బాబుకి 17 వచ్చేశాయి, వెయివర్ లిస్టులో పేరు లేదు. ఇప్పుడేం చేయాలి?

టెక్సాస్_అమ్మ
అందరికీ నమస్కారం. ఈ గ్రూపులో పోస్టులు చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

మా బాబుకి మొన్ననే 17 నిండాయి. ఆటిజం, దాంతోపాటు మేధో వైకల్యం. ఇక్కడే పుట్టాడు, సిటిజన్. ఓ ముప్పై నలభై మాటలు స్పష్టంగా అంటాడు, మిగతాదంతా ట్యాబ్లెట్‌లో బొమ్మలు నొక్కి చెప్తాడు. ఇంట్లో బట్టలు మడతపెట్టడం వాడి పని. అంచులు ఒక్క దారం కూడా తేడా రానివ్వడు. నేను పెట్టిన మడతలు విప్పి మళ్ళీ పెడతాడు.

పోయిన వారం ఏఆర్‌డీ మీటింగులో (బాబు ప్రత్యేక విద్య ప్రణాళిక మీద స్కూల్లో జరిగే మీటింగు) టీచర్ "మెడికెయిడ్ వెయివర్ లిస్టులో ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు?" అని అడిగారు. మెడికెయిడ్ అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి, వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా. వెయివర్ అంటే దాని డబ్బుతో ఇంటి దగ్గరే సాయం ఇచ్చే పథకం. నాకు నోట మాట రాలేదు. వాడికి ఆరేళ్ళప్పుడు ఎవరో చెప్పారు గానీ, మా ఇద్దరి జీతాలు చూసి మనకెందుకు ఇస్తారులే అని వదిలేశాం. ఇంటికొచ్చి చదివితే పదేళ్ళ పైన వెయిటింగ్ అని ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు పేరు రాయించినా ఉపయోగం ఉందా? స్కూలు అయిపోయాక వీడు రోజంతా ఏం చేస్తాడు? వీడికి ఉద్యోగం అన్నది నిజంగా అయ్యే పనేనా? ఇంకో ప్రశ్న కూడా ఉంది. మేం లేని రోజున వీడు ఎక్కడుంటాడన్నది. దాన్ని రాయడానికే చెయ్యి రావడం లేదు.

క్యూలో_నాన్న
అక్కా, రేపు పొద్దున్నే ఫోన్ చేయండి. మిగతా పోస్టులు తర్వాత చదువుకోవచ్చు.

మీ కౌంటీకి ఒక ఎల్ఐడీడీఏ ఉంటుంది, అంటే మేధో, అభివృద్ధి వైకల్యాలు చూసే లోకల్ అథారిటీ. వాళ్ళకి ఫోన్ చేసి "హెచ్‌సీఎస్, టెక్సాస్ హోమ్ లివింగ్ ఇంటరెస్ట్ లిస్టుల్లో మా బాబు పేరు చేర్చండి" అని అడగండి. ఆ రెండూ వెయివర్ల పేర్లే, ఇంటరెస్ట్ లిస్టంటే వెయిటింగ్ లిస్టు. క్లాస్ అనే ఇంకో వెయివర్‌కి లిస్టు వేరు. దానికి రాష్ట్ర హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ వాళ్ళ దగ్గర రాయించాలి. ఎన్ని లిస్టుల్లో ఉన్నా తప్పులేదు, అన్నిట్లో ఉండండి. పేరు రాయించడానికి రిపోర్టులేవీ అక్కర్లేదు. అర్హత చూసేది మీ వంతు వచ్చాకే. చేర్చిన తేదీ రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. ఇల్లు మారినా ఫోన్ నంబర్ మారినా వెంటనే చెప్పాలి. వంతు వచ్చినప్పుడు పంపిన ఉత్తరం పాత అడ్రస్‌కి వెళ్తే ఇన్నేళ్ళ క్యూ వృథా అయిపోతుంది.

మీ జీతాల సంగతికొస్తే, చాలామంది మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. ఈ వెయివర్లలో చాలావాటికి చూసేది పిల్లవాడి సొంత ఆదాయం, సొంత ఆస్తి. తల్లిదండ్రుల జీతం కాదు. మేము కూడా ఇదే పొరపాటుతో మూడేళ్ళు పోగొట్టుకున్నాం. మా పాప పేరు ఎనిమిదో ఏట రాయించాం, ఇప్పుడు దానికి 19. ఇంకా క్యూలోనే ఉన్నాం.

తిరుగుప్రయాణం
ఇవన్నీ చదువుతుంటే నాకైతే ఇండియా వెళ్ళిపోవడమే మేలనిపిస్తుంది. పదేళ్ళ క్యూ తర్వాత వచ్చే సర్వీసు ఎందుకు? అక్కడైతే అన్నదమ్ములు, వదినలు, ఇంట్లో పనిమనిషి. పిల్లాడు ఒంటరిగా ఉండడు. పైగా 2025 జులై 4న సంతకమైన చట్టంతో మెడికెయిడ్‌కి ఫెడరల్ డబ్బు తగ్గబోతోంది. ఉన్నవాళ్ళకే గ్యారంటీ లేనప్పుడు లిస్టులో నిలబడి ఏం లాభం?

చక్రాల_కుర్చీ
అన్నా, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఈ విషయం పిల్లల తరఫున పెద్దవాళ్ళే మాట్లాడుకుంటూ ఉంటారు కాబట్టి, ఆ పిల్లాడి వైపు నుంచి నేను నాలుగు మాటలు చెప్తాను. నాకు సెరిబ్రల్ పాల్సీ. వయసు 36. అపార్ట్‌మెంట్లో నేనొక్కడినే ఉంటాను. పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు అటెండెంట్ వస్తారు. మంచం మీంచి కుర్చీలోకి మార్చడం, స్నానం, చొక్కా గుండీలు. వాళ్ళ జీతం మెడికెయిడ్ ఇస్తుంది. మిగతా రోజంతా నా ఉద్యోగం, నా జీవితం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఆ నాలుగు గంటల సాయం లేకపోతే నేను నర్సింగ్ హోమ్‌లో ఉండాలి, లేదా మా అమ్మ నడుం విరిగేదాకా నన్ను ఎత్తుతూ ఉండాలి. ఆవిడకిప్పుడు 64.

వెయివర్ అన్న పేరు ఎందుకొచ్చిందో తెలిస్తే ఈ క్యూ ఎందుకుందో కూడా అర్థమవుతుంది. మెడికెయిడ్ చట్టం ప్రకారం నర్సింగ్ హోమ్ ఖర్చు రాష్ట్రం భరించి తీరాలి. అది హక్కు. అదే సాయం ఇంట్లో ఇవ్వడం రాష్ట్రం ఇష్టం. 1981కి ముందు పరిస్థితి ఇంకా ఘోరం. అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అనే చిన్నపాప వెంటిలేటర్ మీద ఆసుపత్రిలోనే ఏళ్ళు గడిపింది. ఇంటికి వెళ్తే మెడికెయిడ్ పోతుంది. ఇంట్లో అయ్యే ఖర్చు ఆసుపత్రి ఖర్చులో చిన్న వంతే అయినా రూలు అడ్డం. ప్రెసిడెంట్ రీగన్ ఆ కేసు గురించి బయటికి మాట్లాడాక రూలు సడలించి ఇంటికి పంపారు. అదే ఏడాది కాంగ్రెస్ ఈ హోమ్ అండ్ కమ్యూనిటీ వెయివర్లకి చట్టం చేసింది. రూలుని పక్కన పెట్టడానికి ఇచ్చే అనుమతి కాబట్టి వెయివర్ అన్నారు. ఇది హక్కు కాదు కాబట్టి రాష్ట్రం ఇన్ని సీట్లే ఇస్తాం అని లెక్క పెట్టొచ్చు. ఆ లెక్కే క్యూ.

డబ్బు తగ్గితే ముందు కోత పడేది ఇలా రాష్ట్రం ఇష్టానికి వదిలేసిన వాటిమీదే అన్న మీ భయం నిజమే. నేనూ భయపడుతున్నాను. అందుకే టెక్సాస్ వాళ్ళు అసెంబ్లీ కూర్చున్నప్పుడు వెళ్ళి మాట్లాడాలి. బేసి సంఖ్య ఏడాదుల్లో జనవరి నుంచి 140 రోజులే కూర్చుంటుంది. కొత్త వెయివర్ సీట్లు ఎన్నో తేలేది ఆ బడ్జెట్‌లోనే. మీ ప్రతినిధి ఆఫీసుకి మీ బాబుని తీసుకెళ్ళండి. నేను కుర్చీలో వెళ్ళి కూర్చుంటే వాళ్ళు వినే తీరు వేరుగా ఉంటుంది, ఫోన్లో చెప్తే వేరుగా ఉంటుంది.

తమ్ముడి_అక్క
తిరుగుప్రయాణం అంకుల్, వైకల్యం ఉన్న తమ్ముడికి అక్కని కాబట్టి ఒక్క మాట. అన్నదమ్ములు, వదినలు అన్నారు. వాళ్ళకీ వయసు మీద పడుతుంది కదా. మా అమ్మ ధీమా కూడా మా మేనత్తలే. ఈ పదేళ్ళలో ఇద్దరికి మోకాళ్ళ ఆపరేషన్లయ్యాయి, ఒకావిడ లేరు. వెళ్ళొద్దని చెప్పట్లేదు. వెళ్ళినా సరే ఇక్కడ లిస్టులో పేరు ఉందో లేదో చూసుకుని వెళ్ళండి.

సిన్సినాటి_నాన్న
టెక్సాస్_అమ్మ గారూ, ఉద్యోగం సాధ్యమేనా అని అడిగారు. మా అమ్మాయి గురించి చెప్తాను.

తనకి డౌన్ సిండ్రోమ్. ఇప్పుడు 23. హైస్కూల్ ఆఖరి ఏడు ప్రాజెక్ట్ సెర్చ్‌లో చేరింది. ఇది మా ఊళ్ళోనే, సిన్సినాటి చిల్డ్రన్స్ హాస్పిటల్లో 1996లో మొదలైంది. ఎమర్జెన్సీ విభాగం చూసే ఎరిన్ రీలీ అనే నర్సుకి ఒక ఇబ్బంది ఉండేది. ట్రేలు, అరలు నింపే పనికి ఎవరొచ్చినా నిలిచేవారు కాదు. వైకల్యం ఉన్న యువతకి ఆ పని పద్ధతిగా నేర్పిస్తే ఎందుకు చేయలేరు అని ఆవిడ ఆలోచించారు. ఇప్పుడది చాలా రాష్ట్రాల్లో ఉంది, టెక్సాస్‌లో కూడా.

ఏడాదంతా స్కూలు బదులు హాస్పిటల్‌కే వెళ్తారు. పొద్దున ఒక గంట క్లాసు, మిగతా రోజు ఏదో ఒక విభాగంలో పని. దాదాపు పది వారాలకొకటి చొప్పున మూడు విభాగాలు తిప్పుతారు. మా అమ్మాయి మొదటి విభాగంలో రోజూ ఏడ్చి వచ్చేది. రెండోదాంట్లో ఊరికే కూర్చునేది. మూడోది స్టెరిలైజేషన్ గది. ఆపరేషన్ పరికరాలు ఫోటో చూసి ట్రేలో అమర్చాలి. అక్కడ తను వేరే మనిషి. ఒకరోజు ట్రేలో ఒక కత్తెర తక్కువుందని ట్రే కదలనివ్వలేదట, సూపర్‌వైజర్ వచ్చి చూసి నిజమే అన్నారట. ఆ సంగతి ఇంట్లో వందసార్లు చెప్పింది. ఇప్పుడక్కడే వారానికి 24 గంటలు పని, అందరితో సమానమైన జీతం.

మొదటి రెండు విభాగాలు చూసి "మా పిల్ల వల్ల కాదు" అని నేను మాన్పించబోయాను. ఆ టీచర్ నన్ను ఆపారు. ఈ మాట మీకోసం రాస్తున్నాను.

జాబ్‌కోచ్‌ని
టెక్సాస్_అమ్మ గారూ, మీ పోస్టులో నాకు కళ్ళకి తగిలింది బట్టల మడతే. వృత్తిరీత్యా నేను జాబ్ కోచ్‌ని, పన్నెండేళ్ళుగా ఇదే పని. "నేను పెట్టిన మడతలు విప్పి మళ్ళీ పెడతాడు" అన్నారు కదా, నా రిపోర్టులో మొదటి లైను అదే అయ్యుండేది.

ముందు దారి చెప్తాను. ప్రతి రాష్ట్రంలో వొకేషనల్ రీహాబిలిటేషన్ ఉంటుంది, వైకల్యం ఉన్నవాళ్ళకి ఉద్యోగం దొరికేలా సాయం చేసే ప్రభుత్వ విభాగం, అందరూ వీఆర్ అంటారు. టెక్సాస్‌లో అది వర్క్‌ఫోర్స్ కమిషన్ కింద ఉంది. 2014లో వచ్చిన డబ్ల్యూఐఓఏ చట్టం ప్రకారం రాష్ట్రానికొచ్చే ఫెడరల్ వీఆర్ డబ్బులో కనీసం 15 శాతం బడి పిల్లలకే ఖర్చు పెట్టాలి. పని ప్రదేశాలు చూపించడం, కొన్నాళ్ళు పని చేయించి చూడడం, ఇంటర్వ్యూలో ఎలా ఉండాలో నేర్పడం, తన గురించి తను చెప్పుకోవడం నేర్పడం లాంటివి. స్కూల్లో ఉండగానే అడగండి. వచ్చే ఏఆర్‌డీ మీటింగుకి వీఆర్ కౌన్సెలర్‌ని పిలవమని రాతపూర్వకంగా పెట్టండి. దరఖాస్తు చేశాక అర్హత 60 రోజుల్లో తేల్చాలి, ఆ తర్వాత 90 రోజుల్లో ఉద్యోగ ప్రణాళిక తయారవ్వాలి. ఆలస్యం చేస్తే ప్రతి రాష్ట్రంలో క్లయింట్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని ఉంది, ఉచితంగా మీ తరఫున మాట్లాడతారు.

ఇక పని ఎలా నేర్పుతామో. పోయినేడు ఒక అబ్బాయి, మీ బాబులాగే మాటలు తక్కువ. హోటల్ లాండ్రీలో తువ్వాళ్ళు మడవాలి. మొదటి రోజు డ్రయ్యర్ బజర్ మోగగానే చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయాడు. మేనేజర్ నా మొహం చూశారు. నేను రెండు రోజులు ఆ అబ్బాయికి పనే చెప్పలేదు. బజర్ ఎప్పుడు మోగుతుందో చూపించే పెద్ద టైమర్ ఒకటి తెచ్చి డ్రయ్యర్ మీద పెట్టాను. ఎర్ర రంగు తగ్గుతూ తగ్గుతూ అయిపోతే మోత. మూడోరోజు ఎరుపు అయిపోవస్తుంటే తనే చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. అంతే, తర్వాత మోతతో గొడవ లేదు. మడతని ఆరు ఫోటోలు చేసి గోడకి అంటించాం. మొదటి వారం నేను భుజం పక్కన. తర్వాత రెండడుగుల దూరం. తర్వాత తలుపు దగ్గర. ఏడో వారానికి నేను వరండాలో, లోపల ఏమన్నా కావాలంటే పక్క టేబుల్ దగ్గర పనిచేసే ఆవిడే చూసుకుంటోంది. ఆవిడకి నేనేమీ నేర్పలేదు, నన్ను చూసి నేర్చుకుంది. మేం తప్పుకోవడమే మా పనిలో అసలు పని.

కానీ ఒక లంకె ఉంది, చాలామంది తల్లిదండ్రులు ఆలస్యంగా తెలుసుకుంటారు. వీఆర్ డబ్బు కొంతకాలమే. సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటే కోచ్ తోడు, మామూలుగా 24 నెలల వరకు. ఆ తర్వాత మేనేజర్ మారితే, షిఫ్టు మారితే, కొత్త మెషిన్ వస్తే మళ్ళీ కోచ్ కావాలి. దానికి డబ్బు పెట్టేది వెయివరే. టెక్సాస్ వెయివర్లలో ఎంప్లాయ్‌మెంట్ అసిస్టెన్స్, సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అని రెండు సర్వీసులున్నాయి. వెయివర్ అంటే ఇల్లు, ఆయా మాత్రమే అనుకోకండి. ఉద్యోగం నిలబడేది కూడా దానిమీదే. ఉద్యోగం రాని పిల్లలకంటే, వచ్చిన రెండేళ్ళకి తోడు లేక పోగొట్టుకున్న పిల్లలను చూస్తే నాకు ఎక్కువ బాధ.

టెక్సాస్_అమ్మ
అందరికీ చేతులెత్తి దండం. ఇవాళ పొద్దున ఫోన్ చేశాను. హెచ్‌సీఎస్, టెక్సాస్ హోమ్ లివింగ్ రెండింట్లో పేరు చేరింది. క్లాస్‌కి కూడా రాయించాను. కన్ఫర్మేషన్ ఉత్తరాలు పంపిస్తామన్నారు.

ఇంకో ప్రశ్న. ఉద్యోగం చేస్తే ఎస్ఎస్ఐ (వైకల్యం ఉండి ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) పోతుందని, మెడికెయిడ్ కూడా పోతుందని ఒకరు భయపెట్టారు. అందుకే వాళ్ళ అబ్బాయిని పనిలో పెట్టలేదట.

సిన్సినాటి_నాన్న
ఆ భయంతోనే ఎంతమంది పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టారో. కాగితం తీసుకుని లెక్క వేసి చూపిస్తాను.

ముందు, 18 దాటగానే ఎస్ఎస్ఐకి తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి రాదు. పుట్టినరోజు వెళ్ళిన మరుసటి నెలే దరఖాస్తు పెట్టండి. 2025లో ఫెడరల్ గరిష్ఠం నెలకు 967 డాలర్లు ఉండేది, ఆ అంకెతోనే చూద్దాం. ఇప్పుడు మీ బాబు నెలకు 785 డాలర్లు సంపాదించాడనుకోండి. మొదటి 85 డాలర్లు లెక్కలోకి రావు. మిగిలిన 700లో సగం, అంటే 350 మాత్రమే ఎస్ఎస్ఐలో కోస్తారు. 617 వస్తుంది. జీతంతో కలిపి 1,402. పని చేయకపోతే 967. పనిచేస్తే ఎక్కడ నష్టం? 22 నిండని విద్యార్థి అయితే ఇంకా మేలు. 2025లో నెలకు 2,350 వరకు, ఏడాదికి 9,460 వరకు జీతం అసలు లెక్కే పెట్టలేదు. జీతం పెరిగి ఎస్ఎస్ఐ సున్నా అయినా 1619బి అనే నిబంధన కింద మెడికెయిడ్ సాగుతుంది, మీ రాష్ట్రానికి నిర్ణయించిన హద్దు దాటనంతవరకు.

జీతం వివరాలు మాత్రం నెలనెలా, మరుసటి నెల పదో తారీఖులోపు చెప్పాలి. చెప్పకపోతే ఎక్కువ ఇచ్చామని తర్వాత వెనక్కి అడుగుతారు. మేమొకసారి రెండు నెలలు మర్చిపోయి ఆ ఉత్తరం అందుకున్నాం. అప్పట్నుంచి ఫ్రిజ్ మీద క్యాలెండర్లో పదో తారీఖుకి ఎర్ర సున్నా చుడతాను.

క్యూలో_నాన్న
దీనికి ఇంకో రెండు కలపాలి.

ఒకటి, ఆస్తి. పిల్లాడి పేరు మీద 2,000 డాలర్లు దాటకూడదు. 1989 నుంచి ఆ అంకె మారలేదు. మన ఇళ్ళల్లో జరిగేదేంటంటే తాతగారు ప్రేమ కొద్దీ మనవరాలి పేరున ఊళ్ళో అరెకరం రాసేస్తారు, లేదా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు. ఇండియాలో ఉన్నా అది లెక్కే. మా మామగారు సరిగ్గా అదే చేయబోయారు. గంటసేపు ఫోన్లో వివరిస్తే "పిల్లకి ఇవ్వడం కూడా తప్పేనా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. చివరికి పిల్ల ఆస్తిగా లెక్కలోకి రాకుండా మేం పెట్టిన స్పెషల్ నీడ్స్ ట్రస్టుకి చేరేలా వీలునామా మార్చారు. ఆయన కోరికా తీరింది, పిల్లకీ నష్టం లేదు. పిల్లల సొంత జీతం దాచుకోవడానికి ఏబుల్ ఖాతా ఉంది. లక్ష డాలర్ల వరకు ఎస్ఎస్ఐ లెక్కలోకి రాదు.

రెండు, అద్దె. ఇది వింటే మొదట మీకు కష్టంగా ఉంటుంది. పెద్దయిన పిల్లవాడు మన ఇంట్లో ఊరికే ఉంటే ఎస్ఎస్ఐలో దాదాపు మూడో వంతు కోయొచ్చు. అందుకని మేం మా పాపతో అద్దె ఒప్పందం రాసుకుని నెలకు 350 డాలర్లు తన ఖాతా నుంచి తీసుకుంటున్నాం. తిండి ఖర్చు మాత్రం 2024 సెప్టెంబర్ 30 నుంచి లెక్కలోకి తీసుకోవట్లేదు. కన్నబిడ్డ దగ్గర అద్దె తీసుకోవడమేమిటని మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మా పాపే ఒకటో తారీఖున "డాడీ, రెంట్" అని ఫోన్ నా చేతిలో పెడుతుంది.

ఇండియా ప్రయాణాలు జాగ్రత్త. వరసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే ఎస్ఎస్ఐ ఆగుతుంది. తిరిగొచ్చి వరసగా 30 రోజులు ఇక్కడ ఉన్నాకే మళ్ళీ మొదలవుతుంది. మేం 26 రోజులకే తిరిగొచ్చేస్తాం.

హెచ్4_నాన్న
మా బాబు ఇండియాలో పుట్టాడు, 12 ఏళ్ళు, హెచ్4 (వర్క్ వీసా ఉన్నవాళ్ళ పిల్లలకిచ్చే వీసా) మీద ఉన్నాడు. మాకు వీటిలో ఏవైనా వర్తిస్తాయా?

జాబ్‌కోచ్‌ని
హెచ్4 మీద ఎస్ఎస్ఐ రాదండి. గ్రీన్‌కార్డు వచ్చినా ఎస్ఎస్ఐకి మామూలుగా 40 క్వార్టర్ల (దాదాపు పదేళ్ళ) పని, ఐదేళ్ళ నివాసం అడుగుతారు. బాబుకి 18 నిండేలోపు మీరు చేసిన పని ఆ 40లో కలుస్తుంది కాబట్టి మీ రికార్డులు జాగ్రత్త. స్కూలు సర్వీసులకి మాత్రం వీసాతో సంబంధం లేదు, ఐఈపీ (బాబుకి తగ్గట్టు స్కూలు రాసే చదువు ప్రణాళిక) పూర్తి హక్కు. లిస్టులో పేరు గురించి ఈరోజే మీ రాష్ట్రంలో అడగండి. ఇక 21 నిండితే హెచ్4 పోతుంది, ఇమిగ్రేషన్ లాయర్‌ని ఇప్పుడే కలవండి. వైకల్యం ఉన్న పిల్లాడికి స్టూడెంట్ వీసాకి మారే దారి అందరిలా తేలికగా ఉండదు.

బే_ఏరియా_పిన్ని
కాలిఫోర్నియాలో మాకు ఈ క్యూ లేదు. 1969 నాటి లాంటర్‌మన్ చట్టం ప్రకారం అభివృద్ధి వైకల్యం ఉన్నవాళ్ళకి సర్వీసులు హక్కు. 21 రీజినల్ సెంటర్లున్నాయి, అర్హత తేలితే మొదలవుతాయి. అందుకే ఇటు మారిపోదామా అని నన్ను చాలామంది అడుగుతారు. కానీ ఇంటి అద్దెలు చూసుకోండి. పైగా సర్వీసు మంజూరైనా ఇచ్చే మనిషి దొరకాలి. మా అక్క కూతురికి గంటలు మంజూరై ఐదు నెలలు వర్కర్ దొరకలేదు. మారేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, ఒక రాష్ట్రం వెయివర్ ఇంకో రాష్ట్రానికి వెంట రాదు. ఎక్కడికెళ్తే అక్కడ మళ్ళీ మొదటి నుంచే.

ఒక విషయంలో మాత్రం మా రాష్ట్రాన్ని మెచ్చుకోవాలి. వైకల్యం ఉందని కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చే పద్ధతిని 2025 జనవరి 1 నుంచి పూర్తిగా తీసేశారు. 1938 నాటి ఫెడరల్ చట్టంలో 14సి అనే సెక్షన్ ఇంకా దానికి అనుమతిస్తోంది. మేరీల్యాండ్, ఒరెగాన్ కూడా ఆపేశాయి.

తిరుగుప్రయాణం
వైకల్యం ఉన్నవాళ్ళకి అలా తక్కువ జీతమిచ్చే వర్క్‌షాపుల్ని మూసేస్తే అందులో ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చోవాల్సి వస్తుందని ఒక తండ్రి నాతో అన్నారు. కనీసం పోయి రావడానికి ఒక చోటు ఉండేది కదా అని.

జాబ్‌కోచ్‌ని
ఆ తండ్రి బాధలో నిజముంది. వర్క్‌షాపు మూసేసి, దాని బదులు కోచ్‌కి, బస్సుకి డబ్బు పెట్టని చోట జరిగేది అదే. నేను రెండేళ్ళు అలాంటి చోట పనిచేశాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ప్లాస్టిక్ చెంచాలు కవర్లలో పెట్టడం. ఒకాయన పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఆయన్ని బయట ఒక మొక్కల నర్సరీలో పెట్టడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. చేరిన నెలకి ఆయన జేబులో విత్తనాల పొట్లం పెట్టుకుని వచ్చి నాకు చూపించారు. ఆ పంతొమ్మిదేళ్ళు ఆయనకి ఎవరు తిరిగిస్తారు?

తమ్ముడి_అక్క
టెక్సాస్_అమ్మ ఆంటీ, మీరు చెయ్యి రావడం లేదన్న ప్రశ్నకి నేను రాస్తాను.

మా తమ్ముడికి 29. హెచ్‌సీఎస్‌లో వంతు వచ్చినప్పుడు 25. అమ్మా నాన్నా వద్దన్నారు, మేం ఉండగా వాడు బయటెందుకు అని. నాన్నకి స్ట్రోక్ వచ్చి మూడు నెలలు మంచంలో ఉన్నప్పుడు తెలిసింది, ఇద్దరినీ చూసుకోవడం అమ్మ ఒక్కదానివల్ల కాదని. టెక్సాస్‌లో రాష్ట్రం నడిపే పెద్ద సంస్థలే కాదు ఆంటీ. ముగ్గురు నలుగురు కలిసుండే మామూలు ఇళ్ళున్నాయి, హోస్ట్ హోమ్ అని ఒక కుటుంబంతో ఉండే పద్ధతుంది, మన ఇంట్లోనే ఉంటూ సర్వీసు తీసుకోవచ్చు. మేం నాలుగిళ్ళు చూశాం. ఒక ఇంట్లో ఫ్రిజ్‌కి తాళం ఉంది, గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాం. ఎందుకంటే 2014లో వచ్చిన ఫెడరల్ సెట్టింగ్స్ రూల్ ప్రకారం ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు తినే వీలుండాలి, ఎప్పుడైనా మనుషులు వచ్చి కలవొచ్చు, సొంత గదికి లోపల్నుంచి తాళం వేసుకునే హక్కుండాలి. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇవి అడగండి, చెప్పకుండా ఒకసారి సాయంత్రం పూట కూడా వెళ్ళండి.

మొదటి రెండు నెలలు అమ్మ రోజూ వెళ్ళేది. వాడు ఏడ్చేవాడు, అమ్మ కార్లో కూర్చుని ఏడ్చేది. ఇప్పుడు మెడలో దారానికి తాళంచెవి వేసుకుని తిరుగుతాడు. నేను వెళ్తే తలుపు తనే తీసి, నన్ను లోపలికి పిలిచి, నా ముందు మళ్ళీ తాళం వేసి చూపిస్తాడు. పండక్కి ఇంటికొచ్చి రెండో రోజు సాయంత్రానికి బ్యాగు తీసుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. అమ్మకి అది చూసి సంతోషం, బాధ రెండూ. నాకు సంతోషమే. అమ్మానాన్న ఉండగానే వాడికి ఇల్లు కుదిరింది. ఆ రోజు వచ్చినప్పుడు, ఉన్నట్టుండి అమ్మా లేక, తెలిసిన ఇల్లూ లేక ఒకేసారి రెండూ పోవు వాడికి.

చక్రాల_కుర్చీ
ఇది చదివి కాసేపు ఆగిపోయాను. 1999 జూన్ 22న వచ్చిన ఓమ్‌స్టెడ్ తీర్పు కూడా ఇదే. జార్జియాలో లోయిస్ కర్టిస్, ఎలైన్ విల్సన్ అనే ఇద్దరు మహిళల్ని, బయట ఉండగలరని డాక్టర్లు చెప్పాక కూడా ఆసుపత్రిలోనే ఉంచారు. అవసరం లేకుండా అలా విడిగా ఉంచడం వివక్షేనని సుప్రీంకోర్టు తేల్చింది. లోయిస్ తర్వాత సొంత ఇంట్లో ఉంటూ బొమ్మలు వేశారు. 2011లో తన బొమ్మనొకదాన్ని ప్రెసిడెంట్ ఒబామాకి ఇచ్చారు.

టెక్సాస్_అమ్మ గారూ, 18 రాగానే గార్డియన్‌షిప్ తీసుకోమని మీకు చాలామంది చెప్తారు. తొందరపడకండి. కోర్టు వాడి నిర్ణయాలన్నీ మీ చేతికిచ్చాక వెనక్కి తీసుకోవడం కష్టం. సపోర్టెడ్ డెసిషన్ మేకింగ్ ఒప్పందానికి చట్టం చేసిన మొదటి రాష్ట్రం టెక్సాసే, 2015లో. వాడు నిర్ణయిస్తాడు, మీరు అర్థమయ్యేలా చెప్తారు. అందరికీ సరిపోకపోవచ్చు, కానీ ముందు అది చూడండి.

క్యూలో_నాన్న
చివరగా ఒక కాగితం సంగతి. 22 ఏళ్ళలోపు వైకల్యం ఉందని రుజువయ్యే రిపోర్టులు, పాత ఐఈపీలు పారేయకండి. మీరు రిటైరైనా, పోయినా మీ సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) మీద వాడికి నెలసరి డబ్బొచ్చే దారి వాటితోనే. మాది నీలం పెట్టె, బీరువాలో పాస్‌పోర్టుల పక్కన ఉంటుంది.

టెక్సాస్_అమ్మ
మూడు వారాలైంది, చెప్పి వెళ్దామని వచ్చాను. ఉత్తరాలు వచ్చాయి. నీలం పెట్టె కొన్నాను. వీఆర్ కౌన్సెలర్ స్కూలుకొచ్చి బాబుని చూశారు. ఒక నర్సింగ్ సెంటర్ లాండ్రీలో వారానికి రెండు రోజులు పని చేయించి చూద్దామని మా టీచర్ అంటున్నారు. నిన్న మా వారితో కలిసి వెళ్ళి చూసొచ్చాం. బాబు తువ్వాళ్ళ గుట్ట చూసి నన్ను పక్కకి జరగమని చేత్తో తోశాడు.

సమస్య రాకపోకలు. ఇద్దరం ఆఫీసులకెళ్తాం. ఎవరు తీసుకెళ్తారు?

చక్రాల_కుర్చీ
మీ ఊళ్ళో సిటీ బస్సులున్నాయా? ఉంటే మామూలు బస్సు ఎక్కలేనివాళ్ళ కోసం పారాట్రాన్సిట్ వ్యాన్ ఉండి తీరాలి, వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల చట్టం ఏడీఏ చెప్పేది అదే. ముందురోజు బుక్ చేసుకోవాలి. టికెట్ మామూలు బస్సు ఛార్జీకి రెండు రెట్లు మించకూడదు. దరఖాస్తు తేలడానికి 21 రోజులు దాటితే, నిర్ణయం వచ్చేదాకా సర్వీసు ఇవ్వాలి. కానీ బస్సే నేర్పగలిగితే నేర్పండి. ట్రావెల్ ట్రైనింగ్ అని చాలా చోట్ల ఉచితంగా ఇస్తారు, వీఆర్‌ని అడగండి. బస్సు వస్తే ఎవర్నీ అడగక్కర్లేదు వాడు. నాకు ర్యాంప్ ఉన్న బస్సు ఎక్కడం వచ్చాకే నేను పెద్దవాణ్ణయ్యాననిపించింది.

టెక్సాస్_అమ్మ
మా వీధి చివరే స్టాపు ఉంది. శనివారం ముగ్గురం ఎక్కుతాం. రెండు స్టాపులే. స్టాపుల ఫోటోలు ట్యాబ్లెట్‌లో పెట్టేశాను.